పాకం సీసా

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా దీవిలో అడిగాక పెట్టని మనిషి లేడు. దానికి బుబుసి అని పేరు. చుట్టం వచ్చి, నేల మీద కూర్చుని, “బుబుసి చేస్తున్నాను” అన్నాడంటే ఇక మాట్లాడడానికేం లేదు. పడవ అడిగితే పడవ, పంది అడిగితే పంది ఇచ్చెయ్యాలి. కాదంటే తలవంపులు అడిగినవాడికి కాదు, కాదన్నవాడికి. మా తాత ఎప్పుడో ఒకసారి వలకి కాదన్నాడని ఇప్పటికీ మా ఇంటిని ‘పిడికిలి ఇల్లు’ అంటారు. ఆ మాట వింటూ పెరిగాను. అందుకే కాబోలు, జన్మలో ఎవరికీ కాదని చెప్పలేదు.

ఒక్కరికి చెప్పాను. అది చివర్లో వస్తుంది, తొందరపెట్టకండి.

నా పేరు బౌరో. కల్లు గీస్తాను, చేపలు పడతాను, ఆదివారం ప్రార్థనకి గంట కొడతాను. పన్నెండేళ్ళ కిందట కొబ్బరి ఓడ మా ఊళ్ళో ఒక పిల్లని దించి వెళ్ళింది. డెన్మార్క్ అనే చలిదేశం నుంచి వచ్చింది. నీళ్ళ పని చదువుకుంది. జీతం లేకుండా రెండేళ్ళు మాకు సాయం చేస్తానంది. పేరు లిస్బెత్. మా నోళ్ళకి తిరక్క రిసిబెతా చేశాం. దిగిన రోజే పెద్దలు ఆమెని మనెయబలో మా వంశం చోటులో, నా పక్కన చాప మీద కూర్చోబెట్టారు. మనెయబ అంటే ఊరి చావడి. అందులో ఏ వంశం చోటు ఆ వంశానిదే. ఆ చాప మీద కూర్చున్నాక ఇక మా మనిషే. ఆమె మంచి చేస్తే పేరు మాకు, చెడు చేస్తే సిగ్గు మాకు. పిల్లల్లేని నాకు అలా నలభై ఆరేళ్ళ వయసులో, ఎండ తగిలితే ఉడికిన రొయ్యలా ఎర్రబడే కూతురు పుట్టింది.

మొదటిరోజు అన్నాల దగ్గర నా భార్య రకేరా గొణిగింది. “ముల్లు తీసుకుని చేప తినడం రాదు. ఇదేం నీళ్ళు తెస్తుందయ్యా మన ఊరికి?”

“అమ్మ ఏమంటోంది నాన్నా?” అని అడిగింది రిసిబెతా. అప్పటికి ఆమెకి మా భాషలో వచ్చిన మాటలు పదో పదిహేనో.

“నువ్వు చక్కగా ఉన్నావంటోంది.”

“ముల్లు అంది. ముల్లు నాకు తెలుసు.”

రకేరా పొట్ట పట్టుకుని నవ్వింది. “అమ్మో, దీనికి చెవులున్నాయి!” అని తన చేపలో మెత్తటి ముక్క తీసి ఆ పిల్ల ఆకులో వేసింది.

మా పద్ధతులన్నీ నేనే నేర్పాను. మనెయబలో పెద్దలకి అడ్డంగా నడవకూడదు. కాళ్ళు చాపకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి చెప్పాను. “ఇంటి మనిషి తప్పు నలుగురిలో ఎత్తకూడదు తల్లీ. అడగాలంటే ఇంట్లో, మెల్లిగా అడగాలి.” ఆమె తలూపి నోటు పుస్తకంలో రాసుకుంది. బుబుసి చెయ్యడం మాత్రం ఎంత చెప్పినా నేర్చుకోలేదు. “ఏదో ఒకటి అడగవే. గర్విష్టిదానివని ఊళ్ళో అనుకుంటున్నారు” అంటే, “అన్నీ మీరే పెడుతున్నారు, ఇంకేం అడగను?” అనేది.

ఆ పిల్ల తెచ్చిన పని ఏమిటంటే, ఊరి మధ్య పగడపు రాయిలో బావి తవ్వి, గొట్టాలు పరిచి, ఎండతో నడిచే పంపు పెట్టడం. ఊరు ఊరంతా తవ్వాం. ఆడవాళ్ళు బుట్టలతో ఇసక మోశారు. ఎనిమిది నెలలకి కుళాయిలో నీళ్ళొచ్చాయి. ముసలివాళ్ళు కుళాయి కింద తల పెట్టి స్నానం చేసి ఏడ్చారు.

పంపుకి ఒకటే నియమం. పొద్దున రెండు గంటలు తిప్పాలి, వానలు లేకపోతే ఒక గంట. మా నేల కింద మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి, కొబ్బరిపాల మీద మీగడ కట్టినట్టు. ఆశపడి ఎక్కువ లాగితే కింది సముద్రం పైకొస్తుంది. ఈ సంగతి మాకు డెన్మార్క్ చెప్పక్కర్లేదు. ‘మీగడ తియ్యి, కుండ కదపకు’ అని మా అమ్మమ్మ చేదబావి దగ్గర రోజూ అరిచేది. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

పంపు పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని పెద్దలు అడిగితే రిసిబెతా లేచింది. “మా నాన్న దగ్గర. ఆయన ఊరికి ద్రోహం చెయ్యడు” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమే తాళంచెవిని చేపలు పట్టే దారానికి కట్టి నా మెడలో వేసింది. పెళ్ళినాడు కూడా అంత ఛాతీ విరుచుకుని నడవలేదు నేను.

మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఏడు నెలలు చుక్క పడలేదు. రోజుకో గంటే పంపు తిప్పుతూ, బిందెలు వరసలో పెట్టుకుని అందరం సర్దుకున్నాం. అప్పుడొచ్చాడు మికయెరె, నా బావమరిది. వచ్చి నేల మీద కూర్చున్నాడు.

“బావా, బుబుసి చేస్తున్నాను.”

“ఏం కావాలి, పడవా?”

“నీ పడవ నీ దగ్గరే ఉండనీ, దానికి చిల్లు. నాకు నీళ్ళు కావాలి. మనవడి మొదటి పుట్టినరోజు, మూడూళ్ళ జనం వస్తున్నారు. పందులేమో నాలుకలు చాపుకుని నా మొహం చూస్తున్నాయి. మధ్యాహ్నాలు ఓ రెండు గంటలు పంపు తిప్పు.”

“గంటేనని పిల్ల చెప్పింది కదరా.”

“పిల్ల చెప్పింది. నేను అడుగుతున్నాను.” లేస్తూ నవ్వాడు. “పిడికిలి ఇల్లని జనం ఊరికే అనలేదులే.”

తాళం తీశాను. రిసిబెతా మధ్యాహ్నాలు బడిలో పాఠాలు చెప్పేది. బడి ఊరి చివర.

మొహమాటానికి పోయి కడుపు తెచ్చుకున్నట్టయింది నా పని. పందులకిచ్చావు, సిమెంటు ఇటుకలకి ఇవ్వవా అని ఒకడు. ఇటుకలకిచ్చావు, బాలింత బట్టలకి ఇవ్వవా అని ఒకతె. అందరూ చుట్టాలే, అందరూ నేల మీద కూర్చునే అడిగారు. నిండా మునిగినవాడికి చలేమిటని మూడో నెలకొచ్చేసరికి రోజూ నాలుగు గంటలు తిప్పుతున్నాను. ఎవరి బిందె సంగతి వాళ్ళకి తెలుసు, పక్కవాడి బిందె సంగతీ తెలుసు. పైకి ఎవరూ మాట్లాడుకోలేదు.

నాలుగో నెలలో ఒక పొద్దున టీ నోట్లో పోసుకుని రకేరా మీద అరిచాను. “చక్కెరనుకుని ఉప్పేశావా?”

“చక్కెరే వేశాను” అంది రకేరా. నా మెడలో తాళంచెవి వైపు ఒక్క చూపు చూసింది.

ఆ తర్వాత ఆనా అవ్వ బబాయి గొయ్యి చచ్చిపోవడం మొదలైంది. బబాయి అంటే గొయ్యి తవ్వి నీటిచెమ్మలో ఏళ్ళ తరబడి పెంచే పెద్ద చేమ. పంపుకి నలభై అడుగుల్లో ఉంది అవ్వ గొయ్యి. భర్త పోయేముందు నాటి వెళ్ళాడు. అవ్వకి నా అన్నవాళ్ళు లేరు. “నేను పోయినరోజున ఊరంతా నా బబాయి తినాలి. అనాథముండ చచ్చింది అనకూడదు, కడుపు నిండిందనాలి” అనేది. ముందు ఆకుల అంచులు పసుపెక్కాయి. తర్వాత దుంపలు కుళ్ళి వాసనొచ్చాయి.

రిసిబెతా నన్ను రెండుసార్లు అడిగింది. నేను నేర్పినట్టే, ఇంట్లో, మెల్లిగా అడిగింది. మొదటిసారి చేపలకి పొలుసు తీస్తూ, తలెత్తకుండా అంది. “నాన్నా, గంటే తిప్పుతున్నావు కదూ?”

“గంటే.”

వారం పోయాక, అలాగే పొలుసు తీస్తూ, మళ్ళీ అడిగింది. “ఎవరైనా బుబుసి చేశారా? చేస్తే చెప్పు నాన్నా. కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. మెల్లిగా సరిచేసుకుందాం.”

“కూతురివై ఉండి నన్ను అనుమానిస్తావా?” అని గద్దించాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. ఆమె చేతిలో కత్తి ఒక క్షణం ఆగి మళ్ళీ పొలుసు తీసింది.

పెద్దలు మనెయబలో అందరినీ పిలిచారు. నీళ్ళెందుకు చెడ్డాయి అని అడిగారు. ఊరంతా తలలు దించుకుని చాపల వైపు చూస్తోంది. నేను మా చాప అల్లిక లెక్కపెడుతున్నాను. ఇంటి మనిషి తప్పు నలుగురిలో ఎత్తకూడదని చెప్పినవాణ్ణి నేను. ఎత్తుకోవలసినవాణ్ణీ నేనే. నా పక్కనుంచి రిసిబెతా లేచింది.

“బావి చోటు నేను చూశాను. లెక్క నేను వేశాను. లెక్క తప్పింది. నన్ను క్షమించండి” అంది.

మోకాళ్ళ మీద మనెయబ అడ్డంగా దేక్కుంటూ వెళ్ళి ఆనా అవ్వ ముందు తల వంచింది. అవ్వ మొహం తిప్పుకుంది. ఎంతసేపు అలా వంగి ఉందో నాకు తెలియదు. నేను చూడలేదు.

“పాపం, చిన్నపిల్ల, దానికేం తెలుసు” అన్నాడు మికయెరె. వాడి పందులు ఆ ఏడు బాగా కొవ్వు పట్టాయి.

రెండు నెలల తర్వాత ఆమె గడువు తీరింది. ఓడ ఎక్కించాం. ఒడ్డున జరిగింది తర్వాత చెప్తాను.

ఆమె వెళ్ళాక ఊళ్ళో ఒక మాట పుట్టింది. టీ బాగోకపోతే, “ఏంటిది, రిసిబెతా నీళ్ళలా ఉంది?” అనేవాళ్ళు. పిల్లలు సముద్రంలో మునిగి ఉప్పునీళ్ళు మింగితే, “రిసిబెతా నీళ్ళు తాగాడోయ్!” అని గోల చేసేవాళ్ళు. పక్క ఊళ్ళకి కూడా పాకింది. ఒకసారి చేపల వేటలో మికయెరె ఆ మాటంటే పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మూడేళ్ళకి ఇంకో మనిషి వచ్చాడు. జపాన్ దేశం, పేరు మొరిషిటా. అరవై దాటాయి. వాళ్ళ ఊరికి నీళ్ళు సరఫరా చేసే ఆఫీసులో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసి, ఖాళీగా కూర్చోలేక వచ్చాడట. నీళ్ళు మళ్ళీ మంచివి చెయ్యొచ్చేమో చూద్దాం, పంపు పెట్టె చూపించమన్నాడు. తీసుకెళ్ళాను. పెట్టెలో ఒక మూల చిన్న గాజు ముక్క వెనక అంకెలుంటాయి. అది గడియారం అనుకునేవాణ్ణి, పాడైపోయి తప్పు టైము చూపిస్తోందనుకునేవాణ్ణి.

“ఇది గడియారం కాదు బౌరో గారూ” అన్నాడు మొరిషిటా. “ఈ పంపు పెట్టినప్పటి నుంచి ఎన్ని గంటలు తిరిగిందో చూపిస్తుంది. దీని అంకె పెరగడమే గానీ తగ్గదు.”

తర్వాత మూత లోపలి వైపు చూపించాడు. పెన్సిల్‌తో చిన్న చిన్న అక్షరాలు. నెలల పేర్లు మా భాషలో ఉన్నాయి. రిసిబెతా చేతిరాత. ప్రతి నెలా మొదటి రోజున ఆమె వచ్చి పెట్టె తీసి బల్లి రెట్టలు తుడవడం నాకు గుర్తే. ఏ నెలలో ఎన్ని గంటలో పక్కనే రాసుకుంది. మొదటి నెలలన్నీ అరవై, అరవై ఒకటి. వానలు ఆగిన నెలల్లో ముప్ఫై, ముప్ఫై ఒకటి. ఆ తర్వాత డెబ్భై నాలుగు. ఆ తర్వాత నూట మూడు. ఆ తర్వాత నూట ఇరవై రెండు. పక్కన ఒక్క ముక్క లేదు.

మనెయబలో లేచి లెక్క తప్పిందని చెప్పిన రోజుకి ఈ అంకెలన్నీ ఆమెకి తెలుసు. పొలుసు తీస్తూ నన్ను అడిగిన రోజుకీ తెలుసు.

మొరిషిటా ఆ అంకెలు చదివాడు, నా మెడలో తాళంచెవి చూశాడు. “గాజు మీద దుమ్ముంది, తుడవాలి” అని చెప్పి, చొక్కా అంచుతో తుడిచి, నన్ను అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. ఆ పెద్దమనిషి రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం మనెయబలో లేచాను. పంపు ఎన్ని గంటలు తిప్పానో, పిల్ల అడిగితే ఏం అబద్ధం చెప్పానో అంతా చెప్పాను. ఎవరెవరు అడిగారో మాత్రం చెప్పలేదు. తాళం తీసిన చెయ్యి నాది.

ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు. “తెలుసులే బౌరో. నేనూ నీళ్ళు పట్టించుకున్నానుగా. కూర్చో. పాటెత్తుకోండర్రా.”

తంతారని సిద్ధపడి వెళ్ళినవాణ్ణి, కూర్చోమన్నారు. నిజం చెప్పొద్దూ, ప్రాణం తేలికపడింది. కూర్చోబోతున్నాను. ఒక కర్ర స్తంభానికి ఠంగుమని తగిలింది.

“నాకు తెలీదు” అంది ఆనా అవ్వ.

పాట ఆగింది.

“నాకు తెలీదురా బౌరో. అందరికీ తెలుసా? నాకొక్కదానికే తెలీదా?” ఒక్కొక్కరి మొహమే చూస్తూ అడిగింది. అవ్వ ఎన్నడూ ఎవరి దగ్గరా నీళ్ళకి బుబుసి చెయ్యలేదు. “ఆ పిల్ల నా కాళ్ళ దగ్గర తల పెట్టింది. నేను మొహం తిప్పుకున్నాను. మీరంతా చూస్తూ కూచున్నారు. తిప్పుకోకే ముసల్దానా అని ఒక్కడు అనలేదు.”

ఆ పూట ఎవరూ పాడలేదు. మికయెరె చాప చుట్టుకుని అందరికన్నా ముందు వెళ్ళిపోయాడు.

మర్నాడు చేపలు పట్టుకుని అవ్వ గుడిసెకి వెళ్ళాను. చేపలు ముట్టుకోలేదు.

“ఇంకేం దాచావు?” అంది.

ఒడ్డున జరిగింది చెప్పాను. అవ్వ అరుగు మీంచి, ఒక్కొక్క కీలే పట్టుకుంటూ, దిగి నేల మీద కూర్చుంది. ఎనభై ఏళ్ళ మనిషి.

“బుబుసి చేస్తున్నాను” అంది.

నా బబాయి గొయ్యి అడుగుతుందనుకున్నాను, నా నేల అడుగుతుందనుకున్నాను. ఏది అడిగినా ఇచ్చేసేవాణ్ణి.

“నీ నోరు కావాలి. ఈ ఒడ్డున ఎవరు దిగినా సరే, టీచరో, నర్సో, పాస్టరో, మొదటిరోజు మనెయబలో నువ్వు లేవాలి. నీళ్ళు చెడగొట్టింది ఆ పిల్ల కాదు, నేను అని చెప్పాలి. అంతా చెప్పాలి. సీసాతో సహా.”

“ఎన్నాళ్ళు అవ్వా?”

“నేనేమైనా గడువు పెట్టానట్రా?”

అలా మొదలైంది. ఇప్పటికి పదకొండుసార్లు చెప్పాను. మొరిషిటా చేత రిసిబెతాకి ఉత్తరం కూడా రాయించాను. జవాబు రాలేదు. రాలేదని బాధపడే హక్కు నాకు లేదు. నీళ్ళు ఇప్పుడు కాస్త నయం, వంటకి పనికొస్తాయి. టీ బాగోకపోతే ఇప్పుడు పిల్లలు ‘బౌరో నీళ్ళు’ అంటారు. బాగానే ఉంది, ఆ పేరు చేరవలసిన చోటికి చేరింది.

నేను చెప్పేటప్పుడు అవ్వ ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది. ఎక్కడైనా మాట నమిలితే కర్ర చప్పుడు చేసేది. “సీసా?” అనేది. అప్పుడు సీసా సంగతి చెప్పి కూర్చునేవాణ్ణి. అది చెప్పాక ఆ రోజు నా ఆకులో అన్నం దిగేది కాదు.

నిరుడు వానల్లో అవ్వ పోయింది. ఊరంతా విందుకి కూర్చున్నాం. బబాయి లేదు. ఓడ బియ్యం వండారు. నేనూ తిన్నాను.

పోయిన వారం మా రాజధాని తరవా నుంచి కొత్త నర్సు దిగింది. మనెయబలో లేచాను. పందులు, పంపు, మూత వెనక అంకెలు, అన్నీ చెప్పాను. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి, “ఓడ ఎక్కించాం” అని చెప్పి ఆగాను. ముందు వరస వైపు చూశాను. కర్ర చప్పుడు కాలేదు. కూర్చున్నాను.

“ఇంత ధైర్యంగా ఒప్పుకునేవాళ్ళని నేను చూడలేదు తాతా” అంది ఆ నర్సు పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ. నేను తల వంచుకుని ఆ మాట కూడా పుచ్చుకున్నాను. ఆ పూట అన్నం బాగానే దిగింది. తిన్నాక సిగ్గేసింది.

చచ్చినవాళ్ళకిచ్చిన మాట ఎగ్గొట్టడం అంత సులువని నాకు తెలియదు. నోటితో దాటేశాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు ఎండ మండిపోతోంది. ఓడ పగడపు దిబ్బకి అవతల ఆగింది, చిన్న పడవలో అక్కడిదాకా వెళ్ళాలి. రకేరా ఏడుస్తూ ఇంటి దగ్గరే ఉండిపోయింది. కల్లు కాచిన పాకం ఒక సీసాలో పోసి, ఆ పిల్లకి టీలోకి ఇష్టమని, నా చేతికిచ్చి పంపింది. ఒడ్డున నేనూ రిసిబెతా ఇద్దరమే నిలబడ్డాం. పడవవాడు కాస్త దూరంగా నీళ్ళలో ఉన్నాడు.

ఆమె ఉన్నట్టుండి తడి ఇసక మీద కూర్చుంది.

“నాన్నా, బుబుసి చేస్తున్నాను” అంది.

రెండేళ్ళలో మొదటిసారి.

“పంపు సంగతి నాకు చెప్పు. నాకొక్కదానికే. ఎవరికీ చెప్పను, ఎక్కడా రాయను. నీ నోటితో చెప్పు చాలు. విని వెళ్ళిపోతాను.”

పందులకి కాదనలేదు నేను. ఇటుకలకి కాదనలేదు. ఊళ్ళో ప్రతి వెధవకీ తాళం తీశాను. వంగి ఆమె చెయ్యి పట్టుకుని లేపాను. ఆ చేతిలో సీసా పెట్టాను.

“పాకం ఒలికిపోతుంది, నిటారుగా పట్టుకో” అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. “సరే నాన్నా” అంది. పడవెక్కింది. ఓడ దాకా అలలు ఎంత ఎగరేసినా ఆ సీసాని రెండు చేతులతో నిటారుగా పట్టుకునే కూర్చుంది.